నిమిషానికి పన్నెండు

ఊపిరి లేనిచోట డబ్బా ఊపిరి చూపించింది. రజిత మొదట తన చేతి పొరపాటే అనుకుంది.

హైదరాబాద్ శివార్లలోని గనిభద్రతా పరీక్షాశాలలో ఆమె ఆరేళ్లుగా ఇంజనీరు. అక్కడ తయారైన యంత్రానికి కాగితాల మీద పొడుగాటి పేరొకటి ఉంది గానీ, గని కార్మికులు దాన్ని ఊపిరి డబ్బా అంటారు. చివరికి తయారుచేసినవాళ్లూ ఆ పేరుకే అలవాటు పడ్డారు. బొగ్గుగనిలో కప్పు కూలి మనిషి చిక్కుకుపోతే, ఆ చోటికి సరిగ్గా పైన, నేల మీద ఈ డబ్బా పెడతారు. అది రాతిలోకి రేడియో తరంగం పంపుతుంది. కింద ఎవరైనా బతికి ఉంటే, ఛాతీ లేచి పడినప్పుడల్లా తిరిగొచ్చే తరంగం పిసరంత మారుతుంది. ఆ మార్పును పట్టుకుని, నిమిషానికి ఎన్ని ఊపిరులో తెర మీద అంకె వేస్తుంది. నలభై మీటర్ల రాయి అడ్డమున్నా వింటుందని దానికి పేరు. పరీక్షాశాల అధిపతి చక్రపాణి గారు తన యౌవనమంతా ధారపోసి కనిపెట్టిన యంత్రం అది.

ప్రతి డబ్బానూ గనికి పంపేముందు పరీక్షించి సంతకం పెట్టడం రజిత పని. పరీక్ష కోసం మనిషిని పాతిపెట్టలేరు కాబట్టి, ఇనుప గదిలో సిగ్నల్ జనరేటర్ ఒకటి ఉంటుంది. రాతి నుంచి వచ్చే ప్రతిధ్వనినీ, దానిలో కలిసిన ఊపిరి కదలికనూ అది కృత్రిమంగా పుట్టిస్తుంది. నిమిషానికి పదిహేను అని జనరేటర్‌లో పెడితే డబ్బా పదిహేను చూపాలి. ఇరవై పెడితే ఇరవై. చూపితే ఉత్తీర్ణం.

ఆ రోజు ఉదయం ఒక డబ్బా పరీక్ష ముగించి, జనరేటర్‌ని ఆపేబదులు ఆమె పొరపాటున ఊపిరి అంకెను సున్నాకి తిప్పింది. అంటే రాయి ఉంది, మనిషి లేడు. డబ్బా మీద పన్నెండు అని పడింది.

గదిలో తన ఊపిరే పడుతోందేమోనని రజిత ముక్కు మూసుకుని నిలబడింది. పన్నెండు. బయటికి వచ్చి, ఇనుప తలుపు బిగించి, అద్దంలోంచి చూసింది. పన్నెండే. డబ్బా మార్చి ఇంకోటి పెట్టింది. అదీ పన్నెండే చూపింది. గది లోపల ప్రాణమున్నది ఏదీ లేదు. ఆ లేనిదేదో ఐదు సెకన్లకొకసారి, ఎక్కడా తడబడకుండా, నిద్రపోతున్న మనిషిలాగా ఊపిరి తీస్తోంది.

భయం కంటే ముందు ఆమెకు ఆసక్తి కలిగింది. సున్నా పెట్టి చూడాలని పరీక్షా విధానంలో ఎక్కడా లేదు. అందుకే ఇన్నేళ్లలో ఎవరూ చూసి ఉండరు.

జనరేటర్ పైమూత విప్పి కూర్చుంది. దాని లోపల జరిగేది నిజానికి చిన్న సంగతే. వేగంగా కంపించే తరంగం ఒకటి ఉంటుంది. నెమ్మదైన ఊపిరి కదలికను దాని మీద ఎక్కిస్తారు. మోసేది కాబట్టి దాన్ని క్యారియర్ అంటారు. ఎక్కించడం అయ్యాక క్యారియర్ మాయమైపోవాలి. అందుకోసం దాన్ని రెండు దారుల్లో పంపి, ఒకదానికొకటి ఎదురు నిలబెట్టి రద్దు చేస్తారు. రెండు దారులూ అచ్చంగా సమానంగా ఉంటేనే అది పూర్తిగా పోతుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా కొంచెం క్యారియర్ బయటికి కారుతుంది. కొలిచి చూస్తే అది కారుతూనే ఉంది. కారడం వింత కాదు, అన్ని జనరేటర్లలోనూ ఎంతో కొంత కారుతుంది. ఐదు సెకన్లకొకసారి ఎందుకు పెరిగి తగ్గుతోందన్నదే ఆమెకు అంతుపట్టలేదు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. స్వరూప చింతమడుగులో అంగన్‌వాడీ టీచరు. పిల్లలకు అన్నాలు పెట్టేసి, ఖాళీగా ఉన్న ఆ అరగంటలో రోజూ చెల్లెలికి ఫోన్ చేస్తుంది. తిన్నావా అని అడిగితే, ఇంకా లేదక్కా, క్యారియర్ లీకవుతోంది, అదే చూస్తున్నానని రజిత పరధ్యానంగా అంది.

"పులుసు గిట్ట తీస్కపోయినవా?" అంది స్వరూప. "మూతకు కవర్ సుట్టి పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పిన నీకు."

రజిత నవ్వింది గానీ సరిదిద్దలేదు. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. అక్క గొంతు వినగానే పన్నెండు అన్న అంకె ఎక్కడిదో గుర్తొచ్చింది.

పదకొండేళ్ల క్రితం, ఆగస్టు తొమ్మిదిన పొద్దున పదింటికి, చింతమడుగు ఐదో ఇంక్లైన్‌లో కప్పు కూలింది. స్వరూప భర్త ఓదెలు ఆ గనిలో టింబర్‌మ్యాన్. కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం అతని పని. మిగతావాళ్లు బయటపడ్డారు, అతనొక్కడు అవతల చిక్కుకున్నాడు. ఆ సాయంత్రం నాలుగింటికి పరీక్షాశాల నుంచి ఊపిరి డబ్బా వచ్చింది. జొన్నచేలో టార్పాలిన్ కింద దాన్ని పెట్టారు. తెర మీద పన్నెండు అని పడగానే ఊరంతా కేక వేసింది. ఆరు రోజులు ఆ అంకె మారలేదు. స్వరూప ఆరు రోజులూ డబ్బా పక్కనే కూర్చుంది. అంకె కింద లేచి పడే గీతను చూస్తూ, దానితో పాటు తనూ ఊపిరి తీస్తూ వదులుతూ గడిపింది. ఆరోరోజు పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు ఊపిరి ఆగిందని రక్షణ సూపరింటెండెంట్ మల్హర్‌రావు ప్రకటించి తవ్వకం నిలిపేశాడు. శవం దొరకలేదు. అతని కోసం తవ్వుతున్న సొరంగమే ఆ తర్వాత కూలి మూసుకుపోయింది.

నాలుగోరోజు మల్హర్‌రావు ఆసరాలు నిలబెట్టడానికని ఎనిమిది గంటలు తవ్వకం ఆపించాడు. ఆ ఎనిమిది గంటలు పోకుంటే ఓదెలు దక్కేవాడని స్వరూప నమ్మకం. తర్వాత నెల రోజులు ఆమె రోజూ పొద్దున వెళ్లి మల్హర్‌రావు క్వార్టర్ గేటు ముందు నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు, ఊరికే నిలబడేది. ఆయన బదిలీ చేయించుకుని ఊరు విడిచిపోయాడు.

అప్పుడు రజిత ఇంజనీరింగ్ రెండో ఏడాది. బావ ఊపిరిని ఆరు రోజులు మోసిన యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనే ఆమె ఈ పరీక్షాశాలకు వచ్చింది.

మర్నాడు కారణం దొరికింది. జనరేటర్ లోపల స్ఫటికాన్ని ఒకే వేడిమిలో ఉంచడానికి చిన్న హీటర్ ఉంటుంది. అది ఐదు సెకన్లకొకసారి వెలిగి ఆరుతుంది. వెలిగినప్పుడల్లా పక్కనున్న బోర్డు ఆవగింజంత వేడెక్కుతుంది, రెండు దారుల సమానత చెదురుతుంది, కారే క్యారియర్ కాస్త పెరుగుతుంది. ఆరితే తగ్గుతుంది. నిమిషానికి పన్నెండుసార్లు. డబ్బాను పక్కన పెట్టి, లీకేజీ కొలిచే పరికరాన్నే చూస్తూ రజిత హీటర్ తీగ పీకింది. ఊపిరి ఆగిపోయింది. మళ్లీ తగిలించింది. ఊపిరి వచ్చింది. అలా నాలుగైదుసార్లు చేసి ఆపేసింది.

హీటర్ లేకపోతే జనరేటర్ నిలకడగా ఉండదు. అంచేత లీకేజీనే చంపాలి. రెండు మరలు తిప్పి సమానం చేస్తే పది నిమిషాలు బాగుండి మళ్లీ చెదిరేది. చివరికి ఆమె జనరేటర్ నోటి దగ్గర ఒక చిన్న వినికిడి సర్క్యూట్ పెట్టింది. కారుతున్న క్యారియర్ ఎంతో, ఏ వైపు మొగ్గుతోందో అది క్షణక్షణం కొలుస్తుంది. అంతే కొలత గల వ్యతిరేక వోల్టేజిని రెండు దారుల్లోకీ పంపుతుంది. హీటర్ వెలిగి తప్పు పుట్టీ పుట్టగానే దిద్దేస్తుంది. మొదటి వారం అది తప్పును దిద్దబోయి రెట్టింపు చేసింది. రెండో వారం గంటసేపు బుద్ధిగా ఉండి ఉన్నట్టుండి ఊగిపోయేది. మూడో వారం చివర, వెయ్యో వంతుండే లీకేజీ కోటో వంతుకు పడింది. కొలిచే పరికరానికి కూడా అక్కడ క్యారియర్ ఉందో లేదో తెలియలేదు.

అసలు చిక్కు అప్పుడే బయటపడింది. ఇన్నాళ్లూ జనరేటర్‌లో బలమైన ఊపిరినే పెట్టి పరీక్షించేవాళ్లు. నిజంగా రాతి కింద నుంచి వచ్చేంత సన్నటి ఊపిరి పెడితే లీకేజీలో మునిగిపోయేది కాబట్టి, అంత కిందికి ఎవరూ వెళ్లలేదు. ఇప్పుడు వెళ్లడానికి దారి దొరికింది. రజిత అంత సన్నటి ఊపిరిని పద్దెనిమిది దగ్గర పెట్టింది. డబ్బా పన్నెండు చూపింది. ఇరవై నాలుగు పెట్టింది. పన్నెండు. శుభ్రమైన సున్నా పెట్టింది. పన్నెండు.

డబ్బా లోపలా అదే బోర్డు ఉంది. జనరేటర్‌ని, డబ్బాని చక్రపాణి గారు ఒకే అచ్చులో గీశారు. రెంటిలోనూ అదే హీటర్, అదే లీకేజీ. డబ్బా ఇన్నేళ్లుగా వింటున్నది తన్ను తానే. గోదాములో ఉన్న తొమ్మిది డబ్బాలూ అలాగే చేశాయి. గనుల్లో అరవై ఉన్నాయి. అరవైటి మీదా రజిత సంతకం ఉంది.

చక్రపాణి గారు వచ్చి చూశారు. అరవై రెండేళ్ల మనిషి, స్టూలు లాక్కుని కూర్చుని గంటన్నరసేపు తానే జనరేటర్ తిప్పారు. సున్నా, పన్నెండు. సున్నా, పన్నెండు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"దానికి వినపడుతుందా అని పరీక్షించానమ్మా ఇన్నేళ్లూ," అన్నారు. "అది మాట్లాడకుండా ఉండగలదా అని ఒక్కసారీ పరీక్షించలేదు."

ఆ సాయంత్రమే అన్ని గనులకూ వర్తమానం వెళ్లింది, డబ్బాలు వాడొద్దు, వెనక్కి పంపండి అని. కింద చక్రపాణి గారి సంతకం, ఆ పక్కన రజితది. లేని ఊపిరిని నమ్మి రేపెవరూ కూలే కప్పు కిందికి వెళ్లకూడదన్నదాంట్లో ఇద్దరిదీ ఒకే మాట.

వాళ్లిద్దరికీ మాట కుదరనిది వేరే చోట. చింతమడుగు డబ్బా లోపలి మెమరీ కార్డు ప్రమాదం మీద విచారణ ముగిశాక పరీక్షాశాలకు తిరిగొచ్చింది. విచారణ చేసినవాళ్లు మల్హర్‌రావు చేత్తో రాసిన లాగ్‌బుక్కునే సాక్ష్యంగా తీసుకున్నారు. కార్డు ఉన్న కవరు చక్రపాణి గారి బీరువాలో అలాగే ఉంది. దాన్ని ఇప్పుడు తెరవాలని రజిత. వద్దని ఆయన. లోపం తెలిసింది, యంత్రాలు వెనక్కి వస్తున్నాయి, ఇక పోయినవాడి రికార్డు కెలికి ఎవరికేం ఒరుగుతుందని ఆయన వాదన. పైగా అది నీ బావది, పరాయి వాళ్లదైనా ఇంత ఆత్రపడేదానివా అని కూడా అడిగారు.

పడేదాన్నే సార్ అంది రజిత. ఆ జవాబు తనకే నచ్చలేదు గానీ అది నిజం. ఆ పన్నెండు కింద ఏముందో తెలియకుండా ఆమె ఉండలేదు. ఏమీ లేకపోవచ్చు. లేదా, ఆరు రోజులు ఎవరూ వినని ఊపిరి ఒకటి ఉండి ఉండవచ్చు.

ఆయన బీరువా తాళంచెవి బల్ల మీద పెట్టారు.

లీకేజీని పాత రికార్డులోంచి తీసేయడానికి దారి ఉంది. డబ్బా తన బ్యాటరీ వాడకాన్ని కూడా రాసుకుంటుంది. హీటర్ ఏ క్షణాన వెలిగిందో, ఏ క్షణాన ఆరిందో అందులో తెలుస్తుంది. హీటర్ వెలిగితే లీకేజీ ఎలా కదులుతుందో మూడు వారాల్లో రజితకు కంఠతా వచ్చింది. లెక్కగట్టి, ఆరు రోజుల పొడుగునా దాన్ని తీసేసుకుంటూ పోవడానికి కంప్యూటర్‌కు రెండు పగళ్లు పట్టింది. చక్రపాణి గారు రెండు రోజులూ ఆ గదిలోకే భోజనం తెప్పించుకున్నారు.

పన్నెండు పోయింది. దాని కింద, నూలుపోగులాంటి ఇంకో గీత తేలింది.

అది పన్నెండు కాదు. మొదటి గంటల్లో నిమిషానికి ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది. ఎగుడుదిగుడుగా, మధ్యలో ఆగుతూ, ఒక్కోచోట నిట్టూర్పులాగా పెద్దదవుతూ ఉంది. ఏ హీటరూ అలా చేయలేదు. రాత్రికి అది నెమ్మదించింది. మర్నాడు పొద్దున పద్నాలుగు. మధ్యాహ్నానికి తొమ్మిది, ఏడు. పదో తారీఖు మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు ఒకటి పెద్దగా లేచింది. దాని తర్వాత ఏమీ లేదు. మిగిలిన నాలుగు రోజులూ చదునైన గీత.

రజిత కుర్చీలోంచి లేచి గోడ వైపు తిరిగి నిలబడింది. చక్రపాణి గారే రికార్డు చివరికంటా జరిపి చూసి, ఇలా రామ్మా అన్నారు. పద్నాలుగో తారీఖు పదకొండూ పదికి అబద్ధపు ఊపిరి ఆగిపోలేదు. లేచిన గీత ఇంకా కిందికి దిగకముందే రికార్డే తెగిపోయింది. బ్యాటరీ సగానికి పైగా ఉంది. హీటర్ తనంతట తాను ఆగదు. డబ్బాని ఎవరో ఆపేశారు.

శనివారం రజిత చింతమడుగు వెళ్లింది. స్వరూప వాకిట్లో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చెల్లెలు చెప్పాపెట్టకుండా వచ్చినందుకు సంతోషపడి, ఎదురుగా కూర్చోబెట్టి, ఓ గుప్పెడు కాయలు ముందు పోసింది. ఎలా మొదలుపెట్టాలా అని బస్సులో నాలుగు గంటలు ఆలోచించినా రజితకు ఏమీ తోచలేదు.

"అక్కా, బావ ఆరు రోజులు లేడు," అంది.

తర్వాత మొత్తం చెప్పింది. హీటర్ సంగతి, లీకేజీ సంగతి, కింద దొరికిన గీత సంగతి. స్వరూప చేతులు ఈనెలు తీస్తూనే ఉన్నాయి. ఎప్పటిదాకా ఉన్నాడని మాత్రం అడిగింది. రజిత రోజు, గంట, నిమిషం చెప్పింది. అప్పుడు చేతులు ఆగాయి.

ఆ మధ్యాహ్నం తనేం చేస్తోందో స్వరూపకు గుర్తుంది. రెండు రోజులుగా తల దువ్వుకోలేదని అత్త దువ్వెన పట్టుకుని వచ్చింది. తెర మీద పన్నెండు నిలకడగా ఉంది కదా అని, ధైర్యంగా కూర్చుని జడ వేయించుకుంది. ఆ తర్వాతి నాలుగు రోజులు డబ్బాకు నోరు దగ్గరపెట్టి ఆయనతో మాట్లాడింది. ఇల్లు కట్టడం గురించి, పెళ్లైన కొత్తలో అలిగి పుట్టింటికి పోయిన సంగతి గురించి, ఇంకా ఎవరికీ చెప్పనివి.

"నాలుగు రోజులు నేను దేనితోని మాట్లాడిన రజీ?"

రజిత ముందున్న కాయల్లోంచి ఒకటి తీసి ఈనె లాగింది.

"ఎందుకు చూసినవే దాన్ని?"

"చూడకుంట ఉండలేకపోయిన అక్కా."

స్వరూప చిక్కుడుకాయల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ రోజూ, మర్నాడూ చెల్లెలితో మాట్లాడలేదు. వేళకు అన్నం వడ్డించింది, పక్క వేసింది, అంతే. సోమవారం పొద్దున రజిత బ్యాగు సర్దుకుంటుంటే వచ్చి గడప మీద కూర్చుంది. రెండు రోజుల్లో ఆమె ఏడ్చినట్టూ లేదు, నిద్రపోయినట్టూ లేదు. ఆయన అన్ని రోజులు దాహంతో ఉన్నాడని పదకొండేళ్లు మంచినీళ్ల గ్లాసు ఎత్తినప్పుడల్లా అనుకున్నానని, ఇరవై తొమ్మిది గంటలే అంటే కొంత నయమేనని, తనకు తాను చెప్పుకుంటున్నట్టు అంది. తర్వాత ఇంకో మాట అడిగింది.

"ఆ డబ్బా దానంతట అది ఆగదంటివి కదా. మరి ఎవరు ఆపిండ్రు?"

అదే ప్రశ్న రజిత మనసులోనూ తిరుగుతోంది. ఆరోరోజు పొద్దున స్వరూప కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రికి తీసుకుపోయి సెలైన్ ఎక్కించారు. ఆమె తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ గంటలో డబ్బా దగ్గర ఉన్నది మల్హర్‌రావు ఒక్కడే. ఆయన ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాడని గని ఆఫీసులో చెప్పారు. ఇద్దరూ పది గంటల బస్సెక్కారు.

మల్హర్‌రావుకు డెబ్భై దగ్గరపడుతున్నాయి. తలుపు తీసి స్వరూపను చూడగానే గుర్తుపట్టాడు. ఏమీ అడగకుండా పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆయన భార్య మంచినీళ్లు తెచ్చిపెట్టి లోపలికి వెళ్లింది. రజిత టీపాయ్ మీద ల్యాప్‌టాప్ తెరిచి, రెండు గీతలనూ చూపిస్తూ మెల్లగా వివరించింది. ఓదెలు ఊపిరి ఆగిన చోటు చూపించినప్పుడు ఆయన ముందుకు వంగి, ఇది కచ్చితమేనా అని రెండుసార్లు అడిగాడు. కచ్చితమేనంది. తవ్వేవాళ్లు అప్పటికి ఎంత దూరంలో ఉన్నారని ఆమె అడిగితే, యాభై మీటర్ల ఇవతల అని వెంటనే చెప్పాడు. ఎవరికీ అందే దూరం కాదు.

తర్వాత చివరి నిమిషం చూపించమన్నాడు. గీత తెగిన చోటు చూసి తలూపాడు.

"అవును. ఇంక నడుస్తనే ఉండె. నేనే కట్టేసిన."

ఆ పొద్దున కింద పద్నాలుగు మంది ఉన్నారని ఆయన చెప్పాడు. దిమ్మెలు పగులుతున్న చప్పుడు ఫోన్‌లో పైకి వినిపిస్తోంది. బయటికి రమ్మని రెండుసార్లు ఆర్డరిచ్చాడు. రాలేదు. పది నిమిషాలకొకసారి ఫోన్ చేసి, ఇంకా ఉన్నాడా సార్ అని అడిగేవాళ్లు. ఉన్నాడని ఈయన చెబితే మళ్లీ పలుగు ఎత్తేవాళ్లు. పదకొండూ పదికి స్విచ్ ఆపేసి, ఊపిరి ఆగిపోయిందని ఫోన్‌లో చెప్పాడు. అప్పుడు వచ్చారు. ఆఖరి మనిషి బయటపడిన నలభై నిమిషాలకు సొరంగం మొత్తం కూర్చుండిపోయింది. లాగ్‌బుక్కులో తన చేత్తోనే ఆ టైమ్ రాశాడు. భార్యకు కూడా చెప్పలేదు.

"బతికున్న మనిషిని ఇడిసిపెట్టి వచ్చిన అనుకుంటనే ఉన్న ఇన్నేండ్లు," అన్నాడు. "నువ్వు గేటు ముంగట నిలబడ్డప్పుడల్లా, నీకు తెలిసిపోయిందనే అనుకున్న."

స్వరూప ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

"ఆ రోజు నన్ను అడిగుంటే ఆపొద్దంటుంటి సార్."

"అందుకే అడగలేదమ్మా. నువ్వు దవాఖానల ఉన్న టైమ్ చూసి చేసిన."

ఆయన క్షమించమని అడగలేదు. రజిత ఎటు చూడాలో తెలియక ల్యాప్‌టాప్ మూసింది. కింద ఓదెలు లేడన్నది ఎంత నిజమో, ఉన్నాడనుకునే ఆ చేయి స్విచ్ మీదికి వెళ్లిందన్నదీ అంతే నిజం. యంత్రం శుభ్రం చేసినట్టు ఆ రెంటినీ విడదీసే ఉపాయం ఆమె దగ్గర లేదు.

ఆ పద్నాలుగు మంది పేర్లు చెప్పమని స్వరూప అడిగింది. ఆయన ఆలోచించుకోనక్కర్లేకపోయింది. గుర్రం సమ్మయ్య, ఆవునూరి కొమురయ్య, జాడి లింగు, అని వరసగా పద్నాలుగూ చెప్పాడు. వినేటప్పుడు స్వరూప పెదాలు కదిలాయి. వాళ్లలో సగం మంది పిల్లలు ఆమె అంగన్‌వాడీలో అన్నం తిని పెరిగారు. ఆ ఆగస్టు తర్వాత పుట్టినవాళ్లు ఆ పిల్లల్లో ఐదుగురు. సమ్మయ్య చిన్నకూతురు నిరుటిదాకా తన ఒళ్లోనే పడుకుని నిద్రపోయేదని ఆమె ఎవరినీ ఉద్దేశించకుండా అంది.

లేచి, కొంగు సర్దుకుంది.

"ఆయన పోయింది పద్నాలుగో తారీకు కాదట. పదో తారీకట. ఈసారి ఆ రోజు పదిమందికి అన్నం పెడుత. మీరు రావాలె."

చింతమడుగులో తన ముఖం ఎలా చూపించాలని మల్హర్‌రావు అడిగాడు.

"నేను నాలుగు రోజులు ఉత్త డబ్బాతోని మాట్లాడిన అని అందరికి చెప్పుకోవాలె," అంది స్వరూప. "మీది మీరు చెప్పుకోండ్రి. ఇద్దరం ఒక్కనాడే చెప్పుకుంటే అయిపోతది."

జూలై చివరికి అరవై డబ్బాలూ పరీక్షాశాలకు చేరాయి. రజిత తన అరవై సంతకాలనూ ఒక్కొక్కటిగా తానే కొట్టేసి, పక్కన తారీఖు వేసింది. పై ఆఫీసు నుంచి వచ్చిన సంజాయిషీ నోటీసుకు చక్రపాణి గారు ఒకే పేజీ జవాబు రాశారు, లోపం నాది, కనిపెట్టింది ఆమె అని. ఆ మాట ఆమెను నోటీసు నుంచి తప్పించింది గానీ, ఆయన పదవీకాలం పొడిగింపు ఆగిపోయింది. ఆయన దాని గురించి మాట్లాడేవారు కాదు. రోజూ వచ్చి, కొత్త సర్క్యూట్ పెట్టిన డబ్బాల ముందు స్టూలేసుకుని కూర్చుని, సున్నా పెడితే సున్నా వస్తోందా అని గంటల తరబడి చూసేవారు.

ఆగస్టు పదిన స్వరూప వాకిట్లో టెంటు వేశారు. మల్హర్‌రావు తొమ్మిదింటి బస్సులో ఒక్కడే దిగి నడుచుకుంటూ వచ్చాడు. పద్నాలుగు మందిలో పదకొండు మంది వచ్చారు. విస్తళ్లు వేసి, అన్నం వడ్డించాక, ఎవరూ ముద్ద కలపకముందే ఆయన లేచి నిలబడి చెప్పాడు. గొంతు పెద్దగా లేదు గానీ అందరికీ వినిపించింది. ఆయన కూర్చున్నాక స్వరూప గరిటె పట్టుకునే తన సంగతి చెప్పింది. అందరూ తలలు వంచుకుని విన్నారు.

సమ్మయ్య విస్తరి మీంచి తల ఎత్తాడు. ఆ పొద్దున పలుగుతో కొడుతుంటే అవతలి నుంచి ఓదెలు తిరిగి కొట్టినట్టు తనకు వినిపించిందని, ఒట్టేసి చెప్పగలనని ఇన్నేళ్లూ అనుకున్నానని అన్నాడు.

"అయితే అవతల అప్పటికే ఎవరు లేరా సార్?"

"లేరు సమ్మయ్యా."

స్వరూప వరస వెంట నడిచి మల్హర్‌రావు దగ్గర ఆగింది. ఆయన విస్తట్లో పప్పు వేసి, పక్కనే కూర్చున్న సమ్మయ్య విస్తట్లోనూ వేసింది.

"తినుండ్రి," అంది. "సల్లారిపోతంది."